హైన్‌రిష్ అనే పేరును పలకడం, రాయడం, పిలవడం

వరంగల్, హనుమకొండల నుంచి జర్మనీకి చదువుకు వెళ్లేవారికి ‘హైన్‌రిష్’ అనే పేరు ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. దాన్ని ‘హీన్‌రిచ్’ అని చదవడం మనలో తరచుగా జరిగే పొరపాటు. రోమన్ లిపిలో Heinrich అని రాసే ఈ పేరులోలా ‘e’ తర్వాత ‘i’ అక్షరం వస్తే జర్మన్‌లో ‘ఐ’ అని పలకాలి. ‘i’ ముందు, ‘e’ వెనుక ఉంటే సాధారణంగా ‘ఈ’ అవుతుంది. చివరి శబ్దానికి సరిసమానమైన అక్షరం తెలుగులో లేదు. ‘ఈ’ అంటున్నట్టు నాలుకను ఉంచి, గొంతు మోగనీయకుండా గాలి మాత్రమే వదిలితే ఆ శబ్దం వస్తుంది. రాతలో దానికి ‘ష్’ చాలు.

ఇది ప్రాచీన జర్మన్‌లోని రెండు మాటలు కలిసి ఏర్పడిన పేరు. ‘హైమ్’ అంటే ఇల్లు, ‘రీహ్’ అంటే ఏలిక. కలిపితే మన ‘గృహపతి’కి చాలా దగ్గరి అర్థం వస్తుంది. ఆ రెండో మాటకూ మన ‘రాజు’కూ దూరపు చుట్టరికం ఉందని భాషాశాస్త్రం చెబుతుంది, ఇది నాకు ఎంతో ఇష్టమైన సంగతి. మేడారం సమ్మక్క పేరు మీద సమ్మయ్యలు, సారలమ్మ పేరు మీద సారయ్యలు ఇంటింటా ఉన్నట్టే, 919లో మొదటి హైన్‌రిష్ రాజైన తర్వాత అదే పేరుతో ఎందరో రాజులు రావడంతో అది ఊరూరా వ్యాపించింది. దాని ముద్దుపేర్లలో ‘హైన్‌ట్స్’, ‘హిన్‌ట్స్’ ఉన్నాయి. మనం ‘ఎల్లయ్య, మల్లయ్య’ అన్నట్టు, ఎవరుపడితే వారు అనడానికి జర్మన్లు ‘హిన్‌ట్స్ ఉంట్ కున్‌ట్స్’ అంటారు. ఇంగ్లిష్‌లో హెన్రీ, ఫ్రెంచ్‌లో ఆన్రీ, ఇటాలియన్‌లో ఎన్రీకో అయినది ఈ పేరే.

పిలిచేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. మనం ‘సమ్మయ్య గారు’ అని సొంత పేరుకే గౌరవం చేరుస్తాం. జర్మన్‌లో మర్యాదను తెలిపే ‘హెర్’ ఇంటిపేరుకు ముందు వస్తుంది. విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగంతో నిరూపించిన హైన్‌రిష్ హెర్ట్స్‌ను, మన భౌతికశాస్త్ర పుస్తకాల్లోని ఆ ‘హెర్ట్జ్’నే, ‘హెర్ హెర్ట్స్’ అనాలి గానీ ‘హెర్ హైన్‌రిష్’ అనకూడదు. అయితే హైన్‌రిష్ ఇంటిపేరుగానూ ఉంటుంది కనుక, దరఖాస్తులో ‘ఫోర్‌నామె’ అన్న గడిలో సొంత పేరు, ‘నాఖ్‌నామె’ అన్న గడిలో ఇంటిపేరు ఉంటాయని గుర్తుంచుకుని ఏది ఏదో చూసుకోవాలి. ‘మీరు’కు సమానమైన ‘జీ’తో మాట్లాడేవారిని ఇంటిపేరుతోనే పిలవండి, ‘నువ్వు’ అనే అర్థంలో ‘డు’ అనుకుందామని వారే అన్న తర్వాత హైన్‌రిష్ అని పిలవవచ్చు.