లంకమల కోన దారుల్లో నడిచేవారిని లెక్కించే పద్ధతి

మంచుకొండల్లో మంచుచరియలు విరిగిపడే ముప్పును అంచనా వేసేవారు కొండవాలును పరిశీలించడంతో ఆగక, దాని కింద ఎందరు, ఏ వేళలో నడుస్తున్నారో కూడా చూస్తారు. కడప జిల్లాలో మంచు లేదు గానీ, సిద్ధవటం దగ్గర లంకమల అడవిలోని శివక్షేత్రమైన నిత్యపూజకోనకు వెళ్ళేలాంటి దారుల్లో వాగు హఠాత్తుగా పొంగే ప్రమాదానికి ఆ పద్ధతే సరిపోతుంది.

లంకమల అభయారణ్యం కాబట్టి ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. తరువాత దారి మొదట్లో ఒకరు, వాగు దాటే చోట మరొకరు కూర్చుని, వెళ్ళినవారిని, తిరిగివచ్చినవారిని గంటగంటకూ వేర్వేరు గడుల్లో నమోదు చేయాలి. పేర్లు అడగనక్కరలేదు, కానీ పిల్లలు, వృద్ధులు ఎందరో విడిగా రాయాలి, ఎందుకంటే నీరు మోకాలు దాటితే ముందుగా పట్టు తప్పేది వారికే. సాయంత్రం వాగు దగ్గరి రెండు గడుల మధ్య తేడాయే ఆవలి గట్టున మిగిలినవారి సంఖ్య. నా ఉద్దేశంలో ఆ పుస్తకం మొత్తంలో విలువైన అంకె అదొక్కటే.

శివరాత్రికి రద్దీ ఎక్కువైనా అది వేసవి ముంగిట వచ్చే పండుగ. అసలు జాగ్రత్త అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వేళ అవసరం. 2021 నవంబరులో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ కాలంలోనే. ఆ నెలల్లో కోనలో చినుకు పడకున్నా, ఎగువ కొండపై మబ్బు కమ్మిన వెంటనే లెక్క చూసి, లోపలున్నవారిని వెనక్కి పిలవాలి.