ఐటీఐ, డిప్లొమా, ఒకేషనల్: విశాఖలో సీటు తీసుకునే ముందు చూసుకోవాల్సినవి

పది పాసైనవాడికి ఏ కోర్సు మంచిదని నలుగురిని అడిగితే నాలుగు జవాబులొస్తాయి. అంతకంటే తేలికైన పని ఒకటుంది. నేవల్ డాక్‌యార్డ్, హిందుస్థాన్ షిప్‌యార్డ్, స్టీల్‌ప్లాంట్, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, రైల్వే: వీటిలో మీకు నచ్చిన రెండు మూడు సంస్థల పాత నోటిఫికేషన్లు దించుకుని, అర్హతల పేరా ఒక్కటే ఎర్ర పెన్నుతో గీయండి. చేరాల్సిన కోర్సు చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఉదాహరణకు డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ (స్టైపెండ్ ఇస్తూ పని నేర్పే చోటు). పదో తరగతిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం అడుగుతూ వచ్చారు. 62 శాతంతో ఐటీఐ పాసైన కుర్రాడికి పని ఎంత బాగా వచ్చినా దరఖాస్తు దగ్గరే ఆగిపోతాడు. వయసు సంగతీ ఉంది. అప్రెంటిస్ చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండితే చాలు గానీ, ప్రమాదకరమైన పనులకు 18 నిండాలి. పదిహేనేళ్లకు ఐటీఐలో ఏడాది ట్రేడ్‌లో (ట్రేడ్ అంటే అక్కడ నేర్చుకునే పని) చేరి పదహారుకే బయటికొస్తే, అలాంటి ట్రేడ్‌లలో రెండేళ్లు ఖాళీగా కూర్చోవాల్సి రావచ్చు. చిన్న వయసులో చేరేవాళ్లకు రెండేళ్ల ట్రేడే నయం.

ఐటీఐ ట్రేడ్

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, టర్నర్, మెషినిస్ట్, ఏసీ టెక్నీషియన్ రెండేళ్లవి. వెల్డర్, డీజిల్ మెకానిక్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్) ఏడాదివి. ఏడాదిలో అయిపోతుంది కదా అని తొందరపడొద్దు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ అర్హత జాబితాలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డీజిల్ మెకానిక్ ఉన్నాయి. వెల్డర్, కోపా లేవు. అసలు ఆ ఉద్యోగమే లక్ష్యమైతే ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అద్దాలు లేకుండా 6/6 చూపు, రంగుల గుర్తింపు రెండూ ఉండాలి. అద్దాలు పోవడానికి లేసిక్ (లేజర్ కంటి ఆపరేషన్) చేయించుకున్నా తీసుకోరు. ఈ సంగతి కోర్సంతా అయ్యాక మెడికల్లో తెలియడం కంటే ముందే తెలియడం మంచిది.

పరవాడ ఫార్మాసిటీ, రిఫైనరీ వైపు మనసుంటే కెమికల్ ప్లాంట్ అటెండెంట్ ఆపరేటర్ ట్రేడ్ చూడండి. ఇది చాలామంది దృష్టికి రాదు. డిప్లొమా అనుకునేవాళ్లకు నగరంలోనే ప్రభుత్వ కెమికల్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది.

ఐటీఐ సీట్లు పదో తరగతి మార్కుల మీద, ఆన్‌లైన్ దరఖాస్తుతో, కౌన్సెలింగ్‌లో ఇస్తారు. ముందు కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలు పెట్టుకుని, తర్వాతే ప్రైవేటువి రాయండి. ప్రైవేటు ఐటీఐ అయితే ఫీజు కట్టేముందు ఒక పనిరోజున లోపలికి వెళ్లి చూడండి. మొదట, మీరు చేరే ట్రేడ్‌కు ఎన్సీవీటీ (కేంద్ర వృత్తి శిక్షణ మండలి, ఇప్పుడు ఎన్సీవీఈటీ) గుర్తింపు ఉందా అని అడగండి. సంస్థకు ఉండి ఆ ట్రేడ్‌కు లేకపోవచ్చు. తర్వాత వర్క్‌షాపు. లేత్‌ల కింద ఇనప రజను ఉందా, దుమ్ము ఉందా? వెల్డింగ్ బూతుల్లో వాడేసిన ఎలక్ట్రోడ్ ముక్కలు కనిపిస్తున్నాయా? రజను లేని వర్క్‌షాపులో పని జరగట్లేదు. ఇక “రాకపోయినా పర్లేదు, హాజరు మేం చూసుకుంటాం” అన్నచోట అటునుంచటే వచ్చేయండి. పరీక్షకు 80 శాతం హాజరు కావాలన్న నియమం ఒకటైతే, చేతికి పని రాకపోవడం అంతకంటే పెద్ద నష్టం. ఫిట్టర్ ఆకురాయితో 0.04 మిల్లీమీటరు తేడాలోపు ముక్క అరగదీయాలి. అది ఫొటోలు చూస్తే వచ్చేది కాదు. వెల్డర్‌కైతే ఐటీఐ పునాది మాత్రమే. మంచి కూలి 6జీ, అంటే 45 డిగ్రీల వాలులో బిగించిన పైపు చుట్టూ అతికే వెల్డింగుకే. దానికి విడిగా సాధన చేసి పరీక్ష నెగ్గాలి.

డిప్లొమా

డిప్లొమా సీటుకు రాసే ప్రవేశ పరీక్ష పాలిసెట్‌తో వచ్చే చిక్కు తేదీ. పది ఫలితాలు వచ్చేదాకా ఆగినవాళ్లకు దరఖాస్తు గడువు దాటిపోతుంది. పది పరీక్షలు రాస్తున్నవాళ్లు కూడా దరఖాస్తు చేయొచ్చు కాబట్టి సంక్రాంతి వెళ్లినప్పటి నుంచే నోటిఫికేషన్ కోసం కన్నేసి ఉంచండి. పరీక్ష రెండు గంటలు, 120 మార్కులు, లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు. 30 వస్తే ర్యాంకు ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు. తప్పుకు మార్కు కోత లేదు కాబట్టి ఒక్క బిట్టూ ఖాళీ వదలొద్దు. కంచరపాలెంలో ప్రభుత్వ పాలిటెక్నిక్, భీమిలిలో ఆడపిల్లల పాలిటెక్నిక్ ఉన్నాయి. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

ఒక్క హెచ్చరిక: ఐటీఐ వాళ్లకు ఇచ్చే ట్రేడ్ అప్రెంటిస్ ఖాళీలకు డిప్లొమా వాళ్లు పనికిరారు. వాళ్లకు టెక్నీషియన్ అప్రెంటిస్ వేరు, దాని పోర్టల్ వేరు.

ఇంటర్ ఒకేషనల్

ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్), అకౌంటింగ్, కంప్యూటర్ వంటివి. తర్వాత మామూలు డిగ్రీకి అడ్డు లేదు. ఇంజినీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ రాయాలంటే మాత్రం బ్రిడ్జి కోర్సు (మామూలు ఇంటర్ సబ్జెక్టుల అదనపు) పేపర్లు పాసవ్వాలి, అందుకని మొదటి ఏడాదిలోనే వాటికి ఫీజు కట్టించుకోమని కాలేజీలో అడగండి. ఎంఎల్‌టీ వాళ్లు ల్యాబుల్లో చేరాలంటే ఆసుపత్రి శిక్షణ, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి.

ఓడల ఉద్యోగాలు

ఈ ఊళ్లో ఏజెంట్లు ఎక్కువ. జీపీ రేటింగ్‌కు (ఓడలో కింది స్థాయి సిబ్బంది శిక్షణ) పది పాసై, ఇంగ్లిష్‌లో 40 శాతం ఉండి, పదిహేడున్నర నుంచి 25 ఏళ్ల లోపు వాళ్లు కావాలి. శిక్షణ ఆరు నెలలు. సంస్థ పేరు డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర శాఖ) వెబ్‌సైట్ జాబితాలో ఉందో లేదో, ఉద్యోగం ఇప్పిస్తామన్నవాళ్లకు ఓడ సిబ్బందిని నియమించే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో మీరే చూడండి. వేరే దేశం సీడీసీ (ఓడ సిబ్బంది గుర్తింపు పుస్తకం) వారంలో తెప్పిస్తామంటే మోసమే అనుకోండి.

కాగితాలు, కాంట్రాక్టు

అన్నిటికంటే ఎక్కువమందిని ఆపేది పేరు తేడా. పది మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. మెమోలో ఎలా ఉంటే ఆధార్‌నూ అలాగే వేసవిలోనే మార్పించండి. 4 నుంచి 10 దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఒరిజినల్స్‌తో పాటు మూడు సెట్లు జిరాక్స్ ఉంచుకోండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం లేకపోతే స్టైపెండ్ ఆగిపోతుంది.

ఐటీఐ కోర్సు అయ్యాక అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్లో పేరు నమోదు చేసుకుని దరఖాస్తు చేయండి. ఒక్కసారి అప్రెంటిస్ చేసినవాళ్లను మళ్లీ తీసుకోరు, కాబట్టి మొదటి పిలుపుకే ఎగిరి గంతేయకుండా సంస్థను చూసి చేరండి. చేరిన నెలలోనే మీ కాంట్రాక్టు పోర్టల్లో నమోదైందో లేదో లాగిన్ అయి చూసుకోండి. కొన్ని చిన్న కంపెనీలు అప్రెంటిస్ అని పిలిచి కాంట్రాక్టు పెట్టవు. అలాంటి చోట ఏడాది పనిచేసినా నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోనివ్వరు. రైల్వే సంస్థల్లోనే అప్రెంటిస్ చేసి ఆ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లకు రైల్వే లెవెల్ 1 (పాత గ్రూప్ డి) ఉద్యోగాల్లో 20 శాతం కేటాయింపు ఉంది.