సొంత పుస్తకానికి ఐఎస్‌బీఎన్: అధ్యాపకులకు దరఖాస్తు విధానం

పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఇచ్చే అంతర్జాతీయ ప్రామాణిక సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు ఫీజు లేదు. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. నా మొదటి పుస్తకం వేసినప్పుడు ప్రచురణకర్త ‘నంబరు ఖర్చు’ అని విడిగా డబ్బు తీసుకున్నారు. పుస్తకం చేతికొచ్చాక చూస్తే నంబరు ఆయన సంస్థ పేరు మీద ఉంది. కొన్నేళ్లకు సొంతంగా మళ్లీ వేసుకుందామంటే అది నాకు పనికిరాలేదు. పీహెచ్‌డీ గ్రంథాన్ని పుస్తకంగా తేవాలనుకునే కొత్త అధ్యాపకులకు ఆ అవస్థ రాకూడదు.

మన దేశంలో ఈ నంబరు ఇచ్చేది ఢిల్లీలో, కేంద్ర విద్యాశాఖ పరిధిలో పనిచేసే రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే.

ముందు తేల్చుకోవాల్సింది ప్రచురణకర్త ఎవరన్నది. మీరే వేసుకుంటే రచయితగా నమోదు కావాలి. సెమినార్ పత్రాల సంపుటిలాంటిది విభాగం తరఫున వేస్తే సంస్థగా నమోదు కావాలి. దానికి రిజిస్ట్రార్ లేదా ప్రిన్సిపాల్ సంతకంతో లెటర్‌హెడ్ మీద ఉత్తరం సిద్ధంగా పెట్టుకోండి. బయటి ప్రచురణ సంస్థ వేస్తుంటే నంబరు తెచ్చుకోవడం వాళ్ల పని. ఉద్యోగులు పుస్తకం వేయడానికి అనుమతి కావాలని మీ సర్వీసు నిబంధనల్లో ఉంటే, శాఖాధిపతి ద్వారా అర్జీ ముందే పెట్టండి.

ఖాతా తెరిచి గుర్తింపు, చిరునామా పత్రాలు ఇచ్చాక పుస్తకం వివరాలు నింపాలి: పేరు, రచయితలు, భాష, విషయం, ఎప్పుడు వస్తుందన్నది. టైటిల్ పేజీ, దాని వెనక పేజీ, ముఖచిత్రం స్కాన్ చేసి జతచేయాలి. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. అట్ట మీద ‘డాక్టర్’ అని, టైటిల్ పేజీలో పూర్తి ఇంటిపేరుతో, ఫారంలో పొడి అక్షరాలతో పేరు రాస్తే అది మూడు రకాలుగా కనిపిస్తుంది. ఉపశీర్షిక కూడా అంతే. డీటీపీ చివరి ప్రూఫు చూసుకున్నాకే దరఖాస్తు పెట్టండి, అచ్చుకు మాత్రం నంబరు వచ్చాకే ఇవ్వండి. ప్రెస్సువాళ్లు తొందరపెడితే టెన్షన్ పడకండి.

వచ్చే నంబరులో 13 అంకెలుంటాయి. 978 తర్వాత 81 గానీ 93 గానీ ఉంటే అది మన దేశానిది. దాని తర్వాతి భాగం ప్రచురణకర్తది. అందుకే ఒకరి నంబరు ఇంకొకరు వాడుకోకూడదు. సాధారణ అట్ట ప్రతికి, గట్టి అట్ట ప్రతికి, ఈ-బుక్‌కు వేర్వేరు నంబర్లు కావాలి. మార్పు లేకుండా మళ్లీ అచ్చేస్తే పాత నంబరే సరిపోతుంది, సవరించిన కూర్పుకు మాత్రం కొత్తది తీసుకోవాలి. పత్రికలకు ఇచ్చేది ఐఎస్ఎస్ఎన్, దాని దరఖాస్తు వేరు.

పదోన్నతి పాయింట్ల కోసం వేసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల పట్టికలో జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 10, అంతర్జాతీయ ప్రచురణకర్త వేసినదానికి 12, సంపుటిలో ఒక అధ్యాయానికి 5 పాయింట్లున్నాయి. నంబరు ఉన్నంత మాత్రాన సొంత ప్రచురణను ఆ లెక్కలోకి తీసుకుంటారనుకోవద్దు. ఐఎస్‌బీఎన్ పుస్తకాన్ని గుర్తుపట్టే సంఖ్య మాత్రమే, అది నాణ్యతకు ముద్ర కాదు, కాపీరైట్ కూడా కాదు. అచ్చుకు ముందే మీ విశ్వవిద్యాలయంలో అంతర్గత నాణ్యతా విభాగం (ఐక్యూఏసీ) వాళ్లను అడగండి.

పుస్తకం వచ్చాక పని ఇంకా ఉంటుంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త 30 రోజుల్లోగా, సొంత ఖర్చుతో, కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. మీరే వేసుకుంటే ఆ ప్రచురణకర్త మీరే. తెలుగు పరిశోధన మన ఊరు దాటి అక్కడి అలమరల్లోకి చేరే దారి ఇది. కాబట్టి అచ్చు లెక్కలోనే ఆ నాలుగు ప్రతులు కలుపుకొని, పంపిన పోస్టు రసీదులు ఫైల్లో ఉంచండి.