"అర్థమైందా?" అని అడగకండి

సాయంత్రం బడి వదిలాక ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చదువు చెప్పేవారికి ఒక చిట్కా. "అర్థమైందా?" అని అడగకండి. తోటివాళ్ల ముందు చిన్నబోవడం ఆ వయసులో భరించలేని విషయం. అందుకే అర్థం కాకపోయినా తలూపేస్తారు. పక్కన కూర్చుని "ఎలా చేశావో నాకు చెప్పు" అనండి. చెబుతున్నంతసేపూ మధ్యలో అందుకోకండి.

ఉదాహరణకు భిన్నాల కూడిక. 1/2కు 1/3 కలపమంటే 2/5 అని రాసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. దాన్ని కొట్టేసి వెంటనే క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి చెబితే ఆ లెక్క వరకు గట్టెక్కుతుంది, అపోహ మాత్రం అలాగే ఉండిపోతుంది. ఎలా చేశావని అడిగితే "పైవి పైవి, కిందవి కిందవి కలిపాను" అంటారు. అప్పుడు ఒకే ఒక్క ప్రశ్న వేయండి: "నీ దగ్గర సగం రొట్టె ఉంది. నేను ఇంకో ముక్క ఇచ్చాను. నీకున్నది సగం కంటే తగ్గుతుందా?" 2/5 సగం కంటే తక్కువని వాళ్లే పట్టుకుంటారు. ఆ క్షణంలో ఆ ముఖం చూడాలి!

తర్వాత ఒక కాగితాన్ని ఆరు సమాన గళ్లుగా మడిపించండి. సగం అంటే మూడు గళ్లు, మూడో వంతు అంటే రెండు. మొత్తం 5/6. హారాలు ఎందుకు సమానం చేయాలో వేళ్లతో లెక్కపెట్టి తెలుసుకుంటారు.

ఇంకొక మాట. మధ్యాహ్న భోజనం ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. ముందు గుప్పెడు వేయించిన వేరుశెనగలు పెట్టి, ఆ తర్వాతే పుస్తకం తెరవండి.