పాత ప్రాసెసర్ నుంచి కొత్త డిజిటల్ గిటార్ యూనిట్‌కు మారడం ఎలా?

భీమవరం, అమలాపురం, పాలకొల్లు, కాకినాడ వైపు గిటార్ వాయించేవాళ్ళలో చాలామంది ఆంప్ (గిటార్ యాంప్లిఫయర్) మోసుకెళ్ళరు. ఆదివారం ఆరాధన అయినా, పెళ్ళి ఆర్కెస్ట్రా అయినా, చవితి పందిరైనా ఏర్పాటు ఒకటే. కాళ్ళ దగ్గర ఒక ప్రాసెసర్, దాన్నుంచి మైక్‌సెట్ వాళ్ళ మిక్సర్‌కు ఒక వైరు. గిటార్ శబ్దమంతా ఆ పెట్టెలోనే తయారవుతుంది కాబట్టి దాన్ని మార్చాలంటే భయం వేయడం సహజం. చేతికి అలవాటైన పాచ్‌లు (పేరు పెట్టి దాచుకున్న శబ్దాల సెట్టింగులు), కాలికి అలవాటైన స్విచ్‌లు ఒక్కరోజులో పోతాయి.

ముందే ఒక మాట. పాత పెట్టెలోని అంకెలను కొత్తదానిలోకి ఎక్కించాలని చూడకండి. గెయిన్ (శబ్దాన్ని గరుకెక్కించే నాబ్) 60, ట్రెబుల్ 45 అని రాసుకుని అక్కడా అలాగే పెడితే అదే శబ్దం రాదు. 2010 నాటి లైన్ 6 పాడ్ హెచ్‌డీ పాచ్‌లు అదే కంపెనీ 2015లో తెచ్చిన హీలిక్స్‌లో తెరుచుకోవు. 2012 నాటి బాస్ కంపెనీ జీటీ-100 పాచ్‌లు 2018 నాటి జీటీ-1000లో నేరుగా పనిచేయవు. అసలు ఆంప్‌లను అనుకరించే నమూనాల లెక్కే మారిపోయింది. మీ వెంట తీసుకెళ్ళాల్సింది మీరు వాయించే పాటలను, ఆ పాటలకు కావలసిన శబ్దాలను.

1. పాతదాన్ని అమ్మకముందే రికార్డు చేయండి

మీరు నిజంగా వాడే శబ్దాలు ఎన్నో కాగితం మీద రాయండి. యూనిట్‌లో వంద పాచ్‌లున్నా వేదిక మీద వాడేవి సాధారణంగా నాలుగైదుకు మించవు: ఒక క్లీన్, కొంచెం గరుకున్న రిథమ్, ఒక లీడ్, ప్రార్థన వేళ వెనక మెల్లగా పరుచుకునే డిలే-రివర్బ్ (స్వరం మళ్ళీ మళ్ళీ పలకడం, ప్రతిధ్వని) శబ్దం. ఒక్కోదానితో మీరు బాగా వాయించే పాటలోని ముక్కను ఒక నిమిషం రికార్డు చేయండి. ఫోన్ మైకుతో కాకుండా యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌లోకి చేస్తే మంచిది. ఫోన్ మైకు బేస్‌ను సరిగా పట్టదు, పైగా గది ప్రతిధ్వని కూడా కలిసిపోతుంది. కొత్తదానిలో పాచ్ కట్టేటప్పుడు జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా ఈ రికార్డింగులతో పోల్చుకోవచ్చు.

2. కరెంటు, సాఫ్ట్‌వేర్

కొత్త యూనిట్‌కు పాత అడాప్టర్ పెట్టే ముందు రెండిటి మీదా ఉన్న లేబుళ్ళు చదవండి. చిన్న పెడళ్ళు 9 వోల్టుల మీద కొన్ని వందల మిల్లీఆంపియర్లతో నడుస్తాయి. లైన్ 6 వాళ్ళ హెచ్‌ఎక్స్ స్టాంప్ యూనిట్ కూడా 9 వోల్టులదే, కానీ దానితో వచ్చే అడాప్టర్ 3 ఆంపియర్లది. న్యూరల్ డీఎస్‌పీ కంపెనీ యూనిట్ క్వాడ్ కార్టెక్స్‌ది 12 వోల్టులు, 3 ఆంపియర్లు. పిన్ను దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు.

పాచ్‌లు కట్టడానికి ముందే ఫర్మ్‌వేర్ (యూనిట్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. తర్వాత చేస్తే కొన్ని సెట్టింగులు మారే అవకాశం ఉంది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే యూనిట్ మొరాయిస్తుంది, కాబట్టి ల్యాప్‌టాప్ నిండా ఛార్జ్ చేసి, యూనిట్‌ను ఇన్వర్టర్ లైనుకు పెట్టి మొదలుపెట్టండి. తుఫాను హెచ్చరిక ఉన్న రోజున ఈ పని పెట్టుకోవద్దు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే, అప్‌డేట్ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేసేయండి. పాత యజమాని మార్చిన గ్లోబల్ సెట్టింగులు (అన్ని పాచ్‌లకూ వర్తించేవి) లోపల దాగి ఉంటే మీ చెవిని తప్పుదారి పట్టిస్తాయి.

3. శబ్దం ఎక్కడికి వెళ్తుందో యూనిట్‌కు చెప్పండి

కొత్త యూనిట్ బాగాలేదని నిరాశపడేవాళ్ళలో చాలామందికి అసలు ఇబ్బంది ఇక్కడే ఉంటుంది. దీనికి తొందరపడకుండా సమయం ఇవ్వండి.

గిటార్ ఆంప్‌లోని స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. మైక్‌సెట్ స్పీకర్లలోని హారన్లు అలా కాదు, గాయకుడి మాటలు స్పష్టంగా వినిపించడానికి పైశబ్దాలన్నీ పలికిస్తాయి. అందుకని మిక్సర్‌కు నేరుగా వెళ్ళే శబ్దంలో క్యాబ్ బ్లాక్ (గిటార్ స్పీకర్ పెట్టెను అనుకరించే భాగం) తప్పకుండా ఆన్‌లో ఉండాలి. అది లేకపోతే డిస్టార్షన్ తేనెటీగల తుట్టె కదిపినట్టు రొద పెడుతుంది. గిటార్ ఆంప్‌లోకి గానీ, పవర్ ఆంప్ ద్వారా గిటార్ క్యాబినెట్‌లోకి గానీ వెళ్తుంటే క్యాబ్ ఆఫ్ చేయాలి. లేదంటే స్పీకర్ మీద స్పీకర్ పెట్టినట్టై శబ్దం మూసుకుపోతుంది. ఈ ఎంపిక చాలా యూనిట్లలో పాచ్‌లోనూ, గ్లోబల్ అవుట్‌పుట్ సెట్టింగుల్లోనూ రెండుచోట్లా ఉంటుంది. రెండూ చూడండి.

క్యాబ్‌కు బదులు ఐఆర్ ఫైళ్ళు కూడా వేసుకోవచ్చు. ఒక క్యాబినెట్, దాని ముందు పెట్టిన మైకు కలిసి శబ్దాన్ని ఎలా మారుస్తాయో పట్టి ఉంచిన చిన్న వేవ్ ఫైలే ఐఆర్. ఇంటర్నెట్‌లో వేలకొద్దీ దొరుకుతాయి. నా సలహా: మొదటి నెల యూనిట్‌తో వచ్చినవే వాడండి. ఫైళ్ళ వేటలో పడితే సాధనకు సమయం ఉండదు.

క్యాబ్ తర్వాత రెండు కోతలు పెట్టండి. 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (దాని కింది శబ్దాలను తీసేది), 6 నుంచి 8 కిలోహెర్ట్జ్ దగ్గర హై కట్ (దాని పైవాటిని తీసేది). గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. దానికి దిగువన మిగిలేదంతా బేస్ గిటార్‌కూ కీబోర్డు ఎడమచేతికీ అడ్డమే. ఈ రెండు కోతలతోనే సగం పాచ్‌లు దారికొస్తాయి.

మరొకటి. మన దగ్గర చాలా వేదికల మీద మిక్సింగ్ మోనోలోనే జరుగుతుంది. ఎడమకూ కుడికీ ఎగిరే పింగ్-పాంగ్ డిలే ఇంట్లో హెడ్‌ఫోన్‌లో అద్భుతంగా ఉంటుంది. వేదిక మీద ఎడమ వైరు ఒక్కటే పెడితే సగం రిపీట్లు మాయమైపోవచ్చు. అవుట్‌పుట్‌ను మోనోకు మార్చి, పాచ్‌లను మోనోలోనే విని కట్టండి.

4. ఖాళీ పాచ్‌తో మొదలుపెట్టండి

ఫ్యాక్టరీ పాచ్‌లు దుకాణంలో ఒంటరిగా వాయించినప్పుడు మెప్పించడానికి చేసినవి. బ్యాండ్‌లో అవి బురదగా వినిపిస్తాయి. ఖాళీ పాచ్ తెరిచి, ఒక ఆంప్, ఒక క్యాబ్ మాత్రమే పెట్టండి. మూడో బ్లాక్ ఇంకా వద్దు.

మీ యూనిట్‌లో లూపర్‌ను (వాయించింది పట్టి మళ్ళీ మళ్ళీ వినిపించేదాన్ని) వరుసలో ఎక్కడైనా పెట్టే వీలుంటే అన్నిటికన్నా ముందు పెట్టండి. ఒక ముక్క వాయించి లూప్‌లో వదిలితే, అదే వాయింపు మళ్ళీ మళ్ళీ ఆంప్‌లోంచి వస్తూ ఉంటుంది. మీ రెండు చేతులూ ఖాళీ కాబట్టి నాబ్ తిప్పితే ఏం మారిందో నిదానంగా వినొచ్చు.

గెయిన్‌ను మీకు సరిపోయిందనిపించిన చోటు నుంచి కొంచెం వెనక్కి తిప్పండి. బ్యాండ్ అంతా కలిసి మోగేటప్పుడు గెయిన్ ఎక్కువైతే శబ్దం వెనక్కి పోతుంది, మిడ్ (బేస్‌కూ ట్రెబుల్‌కూ మధ్య భాగం) ఉన్న శబ్దమే ముందుకొస్తుంది. ఒంటరిగా వినడానికి బాగుంటుందని మిడ్ తీసేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కీబోర్డు, ప్యాడ్లు, తబలా మధ్యలో గిటార్ దొరికే చోటు ఆ మిడ్‌లోనే ఉంది.

తర్వాత నాయిస్ గేట్, అంటే శబ్దం ఒక స్థాయి కన్నా తగ్గగానే మూసేసేది. మన పాటల్లో జారుడు స్వరాలు, గమకాలు ఎక్కువ. స్వరం తోక సన్నబడుతూ పై స్వరానికి పాకుతుంది. గేట్ గట్టిగా పెడితే ఆ తోకనే తెగ్గోస్తుంది. వాయించనప్పుడు వచ్చే రొద మాత్రమే ఆగేంత తక్కువలో పెట్టండి. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ (1969–2014) ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి దేశదేశాల్లో వినిపించారు. తీగ వాద్యాన్ని కరెంటుకు కలిపి గమకం పలికించవచ్చని మన డెల్టా మనిషే చూపించాడు. అలాంటి వాయింపు ఇష్టపడేవాళ్ళు డిస్టార్షన్ పెంచేకన్నా తేలికపాటి కంప్రెసర్ (పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించేది) పెట్టి చూడండి. స్వరం నిలబడుతుంది, వేలి కదలికా వినిపిస్తుంది.

డిలేను పాట వేగానికి కట్టండి. 60,000ను వేగంతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. నిమిషానికి 90 బీట్ల పాటకు అది సుమారు 667. అందులో ముప్పాతిక, అంటే 500, డాటెడ్ ఎయిత్ డిలే. ఆరాధన గీతాల్లో తరచూ వినిపించేది ఇదే. సిక్స్ ఎయిట్ నడక (బీట్‌కు మూడు చొప్పున) ఉన్న పాటలో మాత్రం అది తాళానికి ఎదురు నడుస్తుంది. అక్కడ ట్రిప్లెట్ ఎంచుకుంటే బీట్‌లో మూడో వంతుకు రిపీట్ పడి, నడకతో కలిసిపోతుంది. లెక్క ఎందుకనుకుంటే ట్యాప్ టెంపో స్విచ్‌ను కాలితో కొట్టండి, విభజన మాత్రం ముందే పెట్టుకోండి.

5. వేదిక మీద ఉండే వాల్యూమ్‌లో మళ్ళీ వినండి

ఇంట్లో రాత్రిపూట చిన్న శబ్దంతో కట్టిన పాచ్ పందిట్లో చెవులు కోస్తుంది, లేదా గుమ్‌మని మోగుతుంది. యూనిట్ తప్పు కాదు. చిన్న శబ్దంలో మనిషి చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. తక్కువగా వినిపించాయని మనం ఆ రెండూ పెంచుతాం, వేదిక మీద అవి రెట్టింపై తిరిగొస్తాయి. కాబట్టి ఒక పగటిపూట చర్చి హాల్లోనో, రిహార్సల్ గదిలోనో పెద్ద స్పీకర్ పెట్టించుకుని, బ్యాండ్ మోగే స్థాయిలో వాయించి దిద్దుకోండి. ఎత్తైన కాంక్రీటు హాలైతే రివర్బ్ దాదాపు తీసేయండి, గోడలే ఇస్తాయి. షామియానా కింద అయితే కొంచెం కావాలి.

పాచ్‌ల మధ్య వాల్యూమ్ తేడా కూడా అప్పుడే సరిచేయండి. క్లీన్, రిథమ్ సమానంగా, లీడ్ 3 డెసిబెల్స్ ఎక్కువగా ఉంటే సరిపోతుంది. ఈ పెంపును ఆంప్ గెయిన్‌తో కాకుండా చివర్లో వాల్యూమ్ బ్లాక్‌తో ఇవ్వండి.

6. కాలికి కొత్త దారి నేర్పండి

పాచ్ నుంచి పాచ్‌కు మారేటప్పుడు చాలా యూనిట్లలో రెప్పపాటు నిశ్శబ్దం వస్తుంది, డిలే తోక తెగిపోతుంది. ఒకే పాచ్‌లో స్నాప్‌షాట్‌లు లేదా సీన్లు (అదే పాచ్‌లోని బ్లాకుల వేర్వేరు సెట్టింగులు) కట్టుకుంటే ఆ ఖాళీ ఉండదు. నా లెక్కలో ఒక్క పాచ్, నాలుగు సీన్లు ఒక సాయంత్రం కార్యక్రమానికి చాలు. పాత యూనిట్‌లో లీడ్ కుడి చివర ఉంటే ఇందులోనూ అక్కడే పెట్టండి.

మన దగ్గర చాలామంది వేదిక మీద చెప్పుల్లేకుండా వాయిస్తారు. ఇంట్లో సాధన కూడా అలాగే చేయండి. స్విచ్‌ల మధ్య దూరం తక్కువున్న చిన్న యూనిట్లలో పాదం పక్క స్విచ్‌ను కూడా నొక్కేస్తుంది. స్క్రీన్ చూడకుండా సీన్లు మారేదాకా సాధన ఆపవద్దు.

7. మైక్‌సెట్ దగ్గర

మిక్సర్‌కు కలపకముందే ఆపరేటర్‌తో మాట్లాడండి. "అన్నయ్యా, గిటార్ యూనిట్ లైన్ లెవెల్ ఇస్తుంది, ఈ ఛానల్‌కి ఫాంటమ్ ఆపేయండి" అని చెప్తే చాలు. చిన్న మిక్సర్లలో 48 వోల్టుల ఫాంటమ్ (మైకు వైరు వెంటే మిక్సర్ పంపే కరెంటు) ఒకే బటన్‌తో అన్ని ఛానళ్ళకూ వెళ్తుంది, కండెన్సర్ మైకుల కోసం అది ఆన్‌లో ఉండాల్సి రావొచ్చు. అప్పుడు మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (వాద్యాన్ని మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) పెడితే ఫాంటమ్ మీ యూనిట్ దాకా రాదు. గ్రౌండ్ లూప్ వల్ల వచ్చే 50 హెర్ట్జ్ గుర్రుమనే రొద కూడా చాలావరకు పోతుంది.

ఇక ప్రాణానికి సంబంధించిన విషయం. జనరేటర్ మీద నడిచే వేదికల్లో ఎర్తింగ్ సరిగా లేకపోవడం మామూలే. గిటార్ తీగలు యూనిట్ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి. మైకు గ్రౌండ్ ఇంకో చోట ఉంటే, తీగలు పట్టుకుని మైకుకు పెదవి ఆనించగానే షాక్ కొడుతుంది. తడి నేల, వట్టి కాళ్ళు తోడైతే అది ప్రమాదం. యూనిట్‌నూ మిక్సర్‌నూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. పాడే ముందు టెస్టర్‌తో మైకు జాలీ చూడండి, మైకుకు స్పాంజి తొడుగు వేయండి. రొద పోతుందని ఎవరు చెప్పినా ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి. రబ్బరు చాప ఒకటి సంచిలో ఉంచుకోండి.

జనరేటర్ మార్చేటప్పుడు కరెంటు ఒక్క క్షణం పోయినా కొత్త యూనిట్లు మళ్ళీ మొదటినుంచి బూట్ అవుతాయి, అది నిమిషం దాకా పట్టొచ్చు. పాట మధ్యలో నిమిషం చాలా ఎక్కువ. కంప్యూటర్లకు వాడే చిన్న యూపీఎస్ ఆ నిమిషాన్ని కాపాడుతుంది.

వరి చేల పక్క వేదికైతే దీపాలకు పచ్చదోమ ముసురుతుంది, వెలిగే స్క్రీన్ మీదా వాలుతుంది. స్క్రీన్ వెలుతురు తగ్గించండి. అంతర్వేది, ఉప్పాడ లాంటి తీరం ఊళ్ళలో ఉప్పుగాలికి జాక్‌లు త్వరగా నల్లబడతాయి. ఇంటికొచ్చాక పొడిగుడ్డతో తుడిచి, సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేయండి.

మొదటి రెండు మూడు కార్యక్రమాలకు పాత యూనిట్‌ను కూడా వెంట తీసుకెళ్ళండి, కేబుల్ మార్చి వాయించేలా పక్కన సిద్ధంగా ఉండాలి. కార్యక్రమం అయిన రాత్రే టోన్ అంతా తిరగరాయకండి. ఆపరేటర్ మీ ఛానల్ ఈక్యూలో (బేస్, మిడ్, ట్రెబుల్ సర్దే నాబ్‌లలో) ఏం తీశారో, ఏం పెంచారో అడగండి. ప్రతి వేదిక మీదా అదే చోట తీస్తుంటే ఆ కోత మీ పాచ్‌లోనే పెట్టాలి. ఒక్క చోటే జరిగితే అది ఆ హాలు గొడవ, వదిలేయండి. ఒక పండగ సీజన్ దాటాక కూడా పాతదాని అవసరం రాకపోతే దాన్ని రీసెట్ చేసి, అడాప్టర్‌తో సహా, నేర్చుకుంటున్న పిల్లలెవరికైనా తక్కువ ధరకు ఇవ్వండి.