ఆగస్టు మారథాన్ సాధనకు ముందు: మణికట్టు గడియారం చూపే గుండె వేగంతో జాగ్రత్తలు

హైదరాబాద్‌లో ఏటా ఆగస్టు చివర్లో జరిగే మారథాన్‌లో పరుగెత్తాలనుకునేవారు చాలామంది వేసవి ముగియకముందే సాధన మొదలుపెడతారు. ఎండ వేడి తగ్గకుండానే వానాకాలపు ఉక్క వచ్చి చేరే ఆ రెండు మూడు నెలలు గుండెకు శ్రమ ఎక్కువగా ఉండే కాలం. ఇప్పుడు దాదాపు ప్రతి ఒక్కరి చేతికీ స్మార్ట్‌వాచ్ ఉంటోంది, సాధన ప్రణాళికలు కూడా 'రెండో జోన్‌లో గంటసేపు, నాలుగో జోన్‌లో 5 నిమిషాలు' అన్నట్టు గుండె వేగం లెక్కల్లోనే ఉంటున్నాయి (జోన్లంటే తేలిక శ్రమ నుంచి గట్టి శ్రమ వరకు గుండె వేగాన్ని విడదీసిన మెట్లు). ఆ లెక్కకు ఆధారమైన అంకె తప్పయితే సాధన అంతా తప్పుదారి పడుతుంది. అది తప్పు అని తెలియకపోతే కొన్నిసార్లు ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే బూట్లు కొనే ముందే ఈ అంకె ఎలా పుడుతుందో తెలుసుకోవడం అవసరమని నా అభిప్రాయం.

గడియారం నేరుగా గుండెను వినదు. దాని వెనుకవైపు ఉన్న చిన్న దీపాలు ఆకుపచ్చ కాంతిని చర్మంలోకి పంపుతాయి. రక్తం ఆ కాంతిని బాగా పీల్చుకుంటుంది కనుక, గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులో రక్తం పెరిగి తగ్గినప్పుడల్లా వెనక్కి వచ్చే కాంతి కొద్దిగా మారుతుంది. ఆ మార్పును లెక్కించి గడియారం నిమిషానికి ఇన్ని అని చెబుతుంది. కుర్చీలో కూర్చున్నప్పుడు ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. పరుగు మొదలవగానే చేయి ఊగుతుంది, గడియారం చర్మం మీద జరుగుతుంది, కండరాలు, నరాలు కదులుతాయి, ఆ కుదుపుకు రక్తం కూడా అటూ ఇటూ తొణుకుతుంది. ఈ కదలికల వల్ల కాంతిలో వచ్చే మార్పు, గుండె వల్ల వచ్చే మార్పుకంటే పెద్దది. ఆ గందరగోళంలోంచి గుండె లయను విడదీయడానికి గడియారంలోని ప్రోగ్రామ్ ప్రయత్నిస్తుంది, కానీ ప్రతిసారీ గెలవదు.

అన్నిటికంటే తరచుగా ఎదురయ్యే పొరపాటు, గడియారం అడుగుల లయను గుండె లయగా భ్రమపడడం. పరుగులో అడుగులు నిమిషానికి 150 నుంచి 180 వరకు పడతాయి, గట్టిగా శ్రమించే గుండె వేగం కూడా ఆ పరిధిలోనే ఉంటుంది కనుక అంకెను చూసి అనుమానం రాదు. నాకూ అదే జరిగింది. కేబీఆర్ పార్కు చుట్టూ తెల్లవారుజామున మాట్లాడుకోగలిగినంత నెమ్మదిగా పరుగెడుతుంటే గడియారం 170 దాటి చూపించింది. భయపడి ఆగి, మెడ దగ్గర నాడి పట్టుకుని 10 సెకన్లు లెక్కపెడితే 21 కొట్టుకుంది, అంటే నిమిషానికి 126. ఇంటికి వచ్చి చూస్తే ఆ సమయంలో నా అడుగుల లెక్క కూడా 170 దగ్గరే ఉంది. మీ పరుగు రికార్డులో గుండె వేగం గీత, అడుగుల గీత పక్కపక్కనే ఒకేలా సాగుతుంటే, లేదా పరుగు మొదలైన నిమిషంలోనే వేగం ఒక్కసారిగా ఎగసి అక్కడే నిలిచిపోతే, అది గుండె లెక్క కాదని అనుమానించాలి.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఎక్కువ అంకె కనిపించినప్పుడల్లా 'గడియారం తప్పు చెబుతోంది' అని తోసిపుచ్చడం మరింత ప్రమాదం. ఉక్కలో చెమట ఆరక శరీరం చల్లబడదు. అప్పుడు చర్మానికి ఎక్కువ రక్తం పంపవలసి రావడం వల్లా, నీరు తగ్గడం వల్లా అదే వేగంతో పరుగెడుతున్నా గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటుంది. గంట గడిచేసరికి అది ఇంకా పెరుగుతుంది. నిజమైన పెరుగుదల నెమ్మదిగా వస్తుంది, దానితోపాటు ఊపిరి బరువవుతుంది, మాట తెగుతుంది. దొంగ పెరుగుదల ఉన్నట్టుండి వస్తుంది, శరీరంలో ఆ శ్రమ కనిపించదు. సందేహం ఉన్నప్పుడు నడకలోకి మారి నాడి చూసుకోవడం ఒక్కటే మార్గం. చూపుడు, మధ్య వేళ్లను మణికట్టులో బొటనవేలి వైపు ఆనించి 10 సెకన్లు లెక్కపెట్టి 6తో గుణించండి. ఆగిన వెంటనే లెక్కపెట్టాలి, ఆలస్యమైతే వేగం తగ్గిపోతుంది. మెడ దగ్గర చూసుకునేవారు ఒక పక్క మాత్రమే, తేలిగ్గా తాకాలి. రెండు పక్కలా నొక్కకూడదు. సాధనకు ముందు వారం రోజులు ఇంట్లో అలవాటు చేసుకుంటే రోడ్డు మీద తడబాటు ఉండదు.

గడియారం పెట్టుకునే తీరులోనే సగం లోపం సరిదిద్దుకోవచ్చు. మణికట్టు ఎముక మీద కాకుండా, రెండు వేళ్ల వెడల్పు పైకి, చర్మానికి అంటుకునేలా, రక్తం ఆగనంత బిగువుగా కట్టుకోవాలి. గుడిలో కట్టిన దారాలు, గాజులు, కడియం గడియారం కిందికి జారితే సెన్సర్ చర్మానికి ఆనదు, బయటి వెలుతురు లోపలికి వస్తుంది, కాబట్టి వాటిని రెండో చేతికి మార్చుకోవాలి. పచ్చబొట్టు ఉన్నచోట సిరా కాంతిని అడ్డుకుంటుంది. సన్‌స్క్రీన్, చెమట పేరుకున్న సెన్సర్‌ను తుడుచుకోవాలి. డిసెంబరు చలిలో పరుగెత్తేవారికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తం తక్కువగా వస్తుంది కనుక ముందు 10 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా నడవడం మంచిది. డంబెల్స్ ఎత్తేటప్పుడు, పుషప్స్ చేసేటప్పుడు మణికట్టు వంగి కండరాలు బిగుస్తాయి, అక్కడ గడియారం అంకెను పట్టించుకోకపోవడమే మేలు. ఒక నిమిషం వేగంగా, ఒక నిమిషం నెమ్మదిగా చేసే పరుగుల్లోనూ అంతే: గడియారం కొన్ని సెకన్ల సగటు చూపుతుంది కనుక, అది పైకి చేరేలోపు మీరు నెమ్మదించి ఉంటారు.

గుండె వేగం మీదే సాధన నడపదలచినవారికి నా సలహా ఛాతీ పట్టీ. అది కాంతితో కాక, ఈసీజీ లాగే గుండె పుట్టించే విద్యుత్ సంకేతాన్ని పట్టుకుంటుంది. 2017లో క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ వైద్యులు 50 మంది మీద చేసిన పరిశీలనలో ఛాతీ పట్టీ ఈసీజీతో దాదాపు పూర్తిగా ఏకీభవించింది, మణికట్టు పరికరాలు ఆ స్థాయిని అందుకోలేదు. పట్టీ వెనుక ఉన్న రెండు మెత్తని భాగాలను నీటితో తడిపి, రొమ్ము కింద బిగువుగా కట్టుకోవాలి. పొడిగా కట్టుకుంటే చెమట పట్టేవరకు మొదటి నిమిషాల్లో పిచ్చి అంకెలు వస్తాయి. పట్టీ ఇబ్బందిగా ఉన్నవారు ముంజేతి పైభాగానికో, దండకో కట్టుకునే కాంతి పరికరం వాడవచ్చు, అక్కడ కదలిక తక్కువ.

మరో తప్పు గడియారం లోపలే ఉంటుంది. చాలా గడియారాలు గుండె గరిష్ఠ వేగాన్ని 220లోంచి వయసు తీసివేసి లెక్కకట్టి, దాన్నిబట్టి జోన్లను విడదీస్తాయి. 60 ఏళ్లవారికి అది 160 అవుతుంది. 2001లో వచ్చిన మరో సూత్రం, 208లోంచి వయసుకు 0.7 రెట్లు తీసివేయడం, వారికే 166 ఇస్తుంది. రెండూ సగటులే, ఒకే వయసువారిలో నిజమైన గరిష్ఠ వేగం 10 అంకెలు అటూ ఇటూ ఉండడం మామూలే. కనుక గడియారం సరిగ్గా కొలిచినా జోన్ తప్పు కావచ్చు. పూర్తి వాక్యం ఆగకుండా మాట్లాడగలిగితే అది తేలిక పరుగు, రెండు మూడు మాటలకే ఊపిరి తెగితే గట్టి పరుగు. ఈ కొలత ఎప్పుడూ వెంట ఉంటుంది. కరిగిన కేలరీల లెక్క చూసి తిండి పెంచకండి: అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2017లో పరీక్షించిన 7 పరికరాల్లో అన్నిటికంటే మెరుగైనదానికే కేలరీల్లో సగటున 27 శాతం తేడా వచ్చింది.

గుండె జబ్బు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి, చాలాకాలం కదలకుండా ఉండి 40 దాటాక పరుగు మొదలుపెట్టేవారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఉంది. వారికి అసలు ప్రమాదం తప్పుగా ఎక్కువ చూపే అంకెతో కాదు, తప్పుగా తక్కువ చూపే అంకెతో. గుండె లయ తప్పినప్పుడు కొన్ని దెబ్బలు బలహీనంగా ఉండి మణికట్టుకు చేరవు, గడియారం వాటిని వదిలేసి 'అంతా బాగుంది' అన్నట్టు చూపవచ్చు. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారి గుండె ఎంత శ్రమపడినా వేగం అంతగా పెరగదు, గడియారం జోన్లు వారికి వర్తించవు. అందుకోసం మాత్ర మానేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. సాధన మొదలుపెట్టే ముందే డాక్టరు దగ్గర ఈసీజీ, అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుని, గుండె వేగం ఎంత దాటకూడదో అడిగి రాసుకోండి.

పరుగులో ఛాతీలో బరువు లేదా నొప్పి, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లని చెమట, కళ్లు తిరగడం, శ్రమకు మించిన ఆయాసం, గుండె గతి తప్పి కొట్టుకుంటున్నట్టు అనిపించడం వీటిలో ఏది వచ్చినా, గడియారం 110 చూపుతున్నా సరే, వెంటనే ఆగి కూర్చోవాలి, పక్కవారికి చెప్పాలి. మారథాన్ రోజయితే దారిలోని వైద్య శిబిరానికి కబురు పంపాలి, సాధన రోజయితే 108కి ఫోన్ చేయించాలి. పరుగు పూర్తిచేసి చూద్దామనుకోవద్దు, సొంతంగా బండి నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్లవద్దు. ఒంటరిగా సాధన చేసేవారు ఇంటివారి ఫోన్ నంబరు, రక్తం గ్రూపు, వాడుతున్న మందుల పేర్లు రాసిన కాగితాన్ని తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి జేబులో ఉంచుకోవాలి.