విడాకుల తర్వాత జాయింట్ లోన్ కోసం రికవరీ ఏజెంట్లు వస్తే

హన్మకొండ కోర్టులో విడాకుల డిక్రీ (కోర్టు ఉత్తర్వు) వచ్చింది, ఇక లోన్ మాజీ భర్తే కట్టుకుంటాడని ఊరుకోకండి. డిక్రీ మీ ఇద్దరి మధ్యే, బ్యాంకుకు అది పట్టదు. కో-అప్లికెంట్‌గా మీ సంతకం ఉన్నంతకాలం మొత్తం బాకీ మిమ్మల్నే అడగొచ్చు. మీ పేరు తీసేసినట్టు బ్యాంకు నుంచి కాగితం రాయించుకోండి.

ఏజెంటు తెచ్చిన దేనిమీదా సంతకం పెట్టకండి. పర్సనల్ లోన్‌కు బ్యాంకు కోర్టులో దావా వేయడానికి మూడేళ్ల గడువు (లిమిటేషన్) ఉంటుంది; ఆ గడువులోపు బాకీ ఒప్పుకుంటూ రాసిస్తే అది మళ్లీ మొదటికొస్తుంది.

'ఐదర్ ఆర్ సర్వైవర్' (ఇద్దరిలో ఎవరైనా నడపగల) జాయింట్ ఖాతాను బ్రాంచికి రాసిచ్చి ఆపించండి. ఒక్కరే డబ్బంతా తీసేయొచ్చు.

ఏజెంటు వస్తే ఐడీ కార్డు, తనను పంపినట్టు బ్యాంకు ఇచ్చిన లెటర్ అడగండి.

ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. తల్లిగారింటికొచ్చి గల్లీలో లొల్లి చేస్తే అస్సలు భయపడకండి. తేదీ, టైము రాసి బ్యాంకుకు ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకుంటే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకులపై ఫిర్యాదులు చూసే అధికారి) పంపండి.